తాటాకుకు ఫొటో తీస్తే కావ్యం చేతికొచ్చినట్టేనా?

జ్ఞాన భారతం మిషన్ బాధ్యులకు బహిరంగ లేఖ





2025-26 కేంద్ర బడ్జెట్‌లో మీ మిషన్‌ను ప్రకటిస్తూ, దేశంలోని కోటికి పైగా రాతప్రతులను పట్టికలకెక్కించి భద్రపరుస్తామన్నారు. తాళపత్రాలతో పొద్దు పుచ్చే మాలాంటివాళ్ళకు అది మంచి కబురు. చెదలు, తేమ, ఎలుకలు, అటక మీది కట్ట ఏమిటో తెలియని వారసులు, వీటన్నిటి మధ్య ఫొటోకెక్కిన ఆకు సగం బతికినట్టే. అంతవరకూ మీతో నాకు పేచీ లేదు. పేచీ అంతా లెక్క దగ్గర. 2003లో జాతీయ రాతప్రతుల మిషన్ మొదలైనప్పటి నుంచీ ఎన్ని ప్రతులు నమోదయ్యాయి, ఎన్ని పుటలు స్కాన్ అయ్యాయి అన్న అంకెలు వింటూనే ఉన్నాం. స్కాన్ అయిన ఆకుల్లో చదివినవెన్ని, ఒకే కావ్యానికున్న ప్రతుల్లో పక్కపక్కన పెట్టి సరిచూసినవెన్ని, ఆ పనిలోంచి కొత్తగా పరిష్కరించి పాఠకుడి చేతికిచ్చిన తెలుగు కావ్యాలెన్ని అన్న లెక్క మాత్రం నేనెక్కడా చూడలేదు. ఆ లెక్క కూడా పెట్టమని అడగడానికే ఈ లేఖ.

ముందు ఫొటో సంగతే చూద్దాం. ఒక భాండాగారం నుంచి నాకు అందిన ఫైలు ఇప్పుడు నా ముందుంది. ఒక్కో ఫ్రేములో ఆరేసి ఆకులను ఒకదాని కింద ఒకటి పేర్చి పైనుంచి తీశారు. అన్నీ ముందువైపులు ఒక ఫ్రేములో, వెనకవైపులు తర్వాతి ఫ్రేములో రావాలి. మధ్యలో ఎక్కడో ఒక ఆకు తిరగబడింది. అక్కడి నుంచి చివరిదాకా వరస తప్పింది. ఆకు ఎడమ అంచున లేఖకుడు వేసిన సంఖ్య కొన్నిచోట్ల పై ఆకు నీడలో పడి కనబడదు. దానికి తోడు సంస్థ పేరుతో ఒక ముద్ర, సరిగ్గా అక్షరాల మీదుగా. కట్ట మొత్తానికి ఉన్న వివరం ఒక్క ముక్క: తెలుగు కావ్యం, అసంపూర్ణం. విప్పి చదివితే అందులో రెండు వేరు వేరు గ్రంథాలున్నాయి. రెండోది ఎక్కడ మొదలైందో పట్టిక రాసిన వ్యక్తి చూసుకోలేదు.

తాటాకు మీద అక్షరాన్ని గంటంతో గీస్తారు. ఆ తర్వాత దీపపు మసి పూసి తుడిస్తే గీతల్లో నల్లదనం నిలిచి అక్షరం తేలుతుంది. కొన్ని కట్టలకు మసి పూయనే లేదు, కొన్నిటికి పూసింది పోయింది. అలాంటి ఆకుకు ఎదురుగా ఫ్లాష్ కొడితే గీత కాస్తా మాయమవుతుంది. వెలుతురును ఒక పక్కనుంచి ఏటవాలుగా పడేట్టు పెడితే గీతల్లో నీడ పడి అదే ఆకు చదవడానికి వీలవుతుంది. కాలానికి నల్లబడ్డ ఆకైతే పరారుణ కాంతిలో తీయాలి. మసిలోని కర్బనం ఆ కాంతిని మింగేస్తుంది, ముదిరిన ఆకు మింగదు, కాబట్టి అక్షరం విడివడుతుంది. ఇందులో రహస్యమేమీ లేదు, ఖర్చు కూడా పెద్దగా లేదు. కాకపోతే ఒక్కో ఆకుకు పట్టే సమయం పెరుగుతుంది, రోజుకు అయ్యే పుటల సంఖ్య తగ్గుతుంది. పుటల సంఖ్యను బట్టే బిల్లు చెల్లించే పద్ధతిలో ఈ పని ఏ కాంట్రాక్టరు చేస్తాడు?

ఇక అసలు విషయం. ప్రతులను సరిచూసి కావ్యాన్ని పరిష్కరించడం మనకు కొత్త విద్య కాదు. 1820లో కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ వేమన పద్యాల కోసం దొరికిన ప్రతులన్నీ తెప్పించి, జీతాలిచ్చి పండితులను కూర్చోబెట్టి, పాఠభేదాలను రాయించి, ఏ పాఠం నిలుస్తుందో వాదించి తేల్చుకున్నాడు. అలా 1829లో 693 పద్యాలతో ఒక సంపుటి, 1839లో 1164 పద్యాలతో మరొకటి అచ్చయ్యాయి. ఆయన పోగుచేసిన ప్రతులు ఇవాళ చెన్నైలోని ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. అక్కడే తర్వాతి తరంలో మానవల్లి రామకృష్ణకవి, వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటివాళ్ళు కట్టలు విప్పి, మనం ఎన్నడూ వినని గ్రంథాలను వెలికి తీశారు. వీళ్ళ జ్ఞాపకశక్తికీ, శ్రమకూ దణ్ణం పెట్టాల్సిందే.

దణ్ణం పెట్టాక ఒక ప్రశ్న మిగులుతుంది. వాళ్ళు ఏ పాఠాన్ని ఎందుకు ఎంచుకున్నారో ఇవాళ మనకెలా తెలుస్తుంది? మన పాత అచ్చు పుస్తకాల్లో పుట అడుగున పాఠాంతరం అని ఒక మాట వేస్తారు. అది ఏ ప్రతిలోది, ఆ ప్రతి ఎక్కడుంది, ఎప్పటిది, తక్కిన ప్రతుల్లో ఏముంది అన్నవి చాలా పుస్తకాల్లో ఉండవు. పరిష్కర్తను నమ్మాలి, అంతే. నమ్మకం చాలని చోట ఏమవుతుందో నన్నెచోడుడి కుమారసంభవం చూపించింది. తంజావూరులో దొరికిన ప్రతి ఆధారంగా రామకృష్ణకవి దాన్ని 1909లో అచ్చువేసి, ఈ కవి నన్నయకంటే ముందువాడన్నారు. అక్కడి నుంచి పండితుల మధ్య రగడ మొదలైంది. కవి కాలం మీద వాదం సరే, అసలు కావ్యమే రామకృష్ణకవి సొంత రచనేమో అన్న అనుమానం దాకా పోయింది. ఒక పెద్ద విద్వాంసుడి నిజాయితీ మీద అంత మాట పడటానికి కారణం ఒకటే. ఆధారం ఒక ఊళ్ళో ఉంది, వాదించేవాళ్ళు ఇంకెక్కడో ఉన్నారు. ఆకుల బొమ్మలు, వాటి పక్కనే అక్షరానికి అక్షరం ఎత్తి రాసిన ప్రతి, దాని పక్కన పరిష్కర్త సవరణ, మూడూ ఎవరైనా చూడగలిగే చోట ఉంటే ఆ వాదంలో సగం పుట్టేదే కాదు. డిజిటల్ పరిష్కరణ అని నేను అంటున్నది దీన్నే. పండితుడి తీర్పును తీసేయమని కాదు, తీర్పుతో పాటు సాక్ష్యాన్ని కూడా పాఠకుడి ముందు పెట్టమని.

ఈ పనిలో మొదటి మెట్టు ఎత్తి రాయడం. ఇక్కడే అందరూ తొందరపడతారు. తాళపత్రంలో పదాల మధ్య ఖాళీ ఉండదు. పద్యం పాదాలుగా విరగదు, గోడకట్టినట్టు ఒకటే వరస. కందమైతే క., సీసమైతే సీ., వచనమైతే వ. అని ఒక గుర్తు, అంతే. అమ్మ అని ఉండాల్సిన చోట అంమ అని, తిమ్మరాజు ఉండాల్సిన చోట తింమరాజు అని సున్నతో రాస్తారు. రేఫ తర్వాతి హల్లును రెట్టించి ధర్మ్మ అంటారు. ఎకార ఏకారాలకు, ఒకార ఓకారాలకు తేడా చూపని ప్రతులు కొల్లలు. ఒత్తులు పెట్టాల్సిన చోట పెట్టరు. అరసున్న చాలా ప్రతుల్లో కనబడదు. అచ్చు పుస్తకంలో మనం చూసే అరసున్నలు పరిష్కర్త పెట్టినవే. ఇవన్నీ చూసి, ఎత్తిరాసే కుర్రవాడు అలవాటు కొద్దీ ఇప్పటి రాతలోకి మార్చేస్తాడు. ఆ క్షణంలోనే సాక్ష్యం పోతుంది. లేఖకుడు ఏ ప్రాంతంవాడు, ఏ కాలంవాడు, తన ముందున్న మాతృకలో అక్షరం ఎలా ఉంటే ఇలా పొరబడ్డాడు అన్నది చెప్పగలిగేవి ఆ వింత రాతలే.

శకటరేఫ సంగతి చూడండి. ఇవాళ్టి వాడుకలో ఱ పోయింది, ఎత్తిరాసేటప్పుడు ర చేసేస్తే ఎవరికీ పట్టదు. కానీ పూర్వకవులు ప్రాసలో ర, ఱ లను కలపలేదని, తర్వాతివాళ్ళు కలిపారని లాక్షణికులు ఏనాడో గుర్తించారు. ఒక కావ్యంలో ఈ రెంటి మధ్య గీత ఎంత చెరిగింది అన్నది ఆ కావ్యం వయసు తేల్చడానికి ఒక ఆధారం. ప్రతుల్లో ఆ తేడా ఎక్కడ నిలిచింది, ఎక్కడ పోయింది అన్నది ఆ ప్రతుల వయసుకు మరో ఆధారం. మీ పోర్టల్ వెతుకులాటకు తేలికగా ఉంటుందని రెంటినీ ఒకటి చేస్తే, రెండు ఆధారాలనూ ఒక్క మీటతో చెరిపినట్టే.

అందుకే పాశ్చాత్య దేశాల్లో 1987 నుంచి పెంచుకొస్తున్న టీఈఐ అనే గుర్తుల పద్ధతిలో రెండు పొరలుంటాయి. ఆకు మీద ఉన్నదున్నట్టు ఒక పొర, పరిష్కర్త సవరించినది ఇంకో పొర. అక్షరం చెరిగిపోతే చెరిగిందని, ఊహించి పూరిస్తే ఊహ అని, లేఖకుడే కొట్టేసి పైన రాస్తే ఆ సంగతి కూడా గుర్తు పెడతారు. కంప్యూటరుకు ఆ గుర్తులు తెలుసు గనుక చదువరి ఏ పొర కావాలంటే అది చూపిస్తుంది. విద్యార్థికి సవరించిన పద్యం, పరిశోధకుడికి ఆకు మీది రాత. తెలుగుకు ఇందులో సాంకేతికంగా అడ్డేమీ లేదు. శాసనాల్లో కనిపించే ౚ అక్షరం 2015లో, నకారపొల్లు 2021లో యూనికోడ్‌లో చేరాయి. లోటు అక్షరాలది కాదు, ఆ అక్షరాలు చదివి రాసే మనుషులది.

రెండో మెట్టు సరిచూడటం. ఇంగ్లీషు, లాటిన్ ప్రతుల కోసం తయారైన సాఫ్ట్‌వేర్లు పదాన్ని పదంతో పోల్చి తేడాలు చెబుతాయి. మన తాళపత్రంలో పదమే విడిగా ఉండదు, సంధి కలిసి ప్రవాహంలా పోతుంది. కాబట్టి ఆ పనిముట్టును తెచ్చి ఇక్కడ వాడితే చెత్త వస్తుంది. వచ్చింది కూడా. అయితే మన పద్యానికి వాళ్ళకు లేని సౌకర్యం ఒకటుంది. ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, చంపకమాలకు ఇరవై ఒకటి, శార్దూలానికి పందొమ్మిది. కాబట్టి ప్రతి అక్షరానికీ ఒక చిరునామా ఉంది. ఫలానా ఆశ్వాసం, ఫలానా పద్యం, మూడో పాదం, పదకొండో అక్షరం. ఎనిమిది ప్రతుల్లో ఆ గడిలో ఏముందో ఒకే వరసలో పరచవచ్చు. ఎక్కడైనా ఉత్పలమాల పాదానికి పందొమ్మిదే వస్తే లేఖకుడు ఒకటి మింగాడని యంత్రమే చెబుతుంది. సీసం, తేటగీతి, ఆటవెలదుల్లో అక్షరాల సంఖ్య నిలకడగా ఉండదు, అక్కడ గణాలను బట్టి పోల్చాలి. వచనం దగ్గర మాత్రం ఈ సుఖం లేదు. కాపలా లేని వచనంలోనే లేఖకులు ఎక్కువ స్వేచ్ఛ తీసుకున్నారు కూడా.

యతి ప్రాసలు ఇంకా గట్టి కాపలాదారులు. ఉత్పలమాల పాదం ప తో మొదలైందనుకోండి. పదో అక్షరం ఒక ప్రతిలో వ, మరో ప్రతిలో మ. చేతిరాతలో ఈ రెండూ ఒకదానికొకటి పొరబడటం మామూలే. ప కు వ తో యతి చెల్లుతుంది, మ తో చెల్లదు. ఉకారంతో కలిసిన పు, ము లాంటి చోట్ల లాక్షణికులు ఇచ్చిన సడలింపులు వేరే సంగతి. కాబట్టి ఇక్కడ తీర్పు తేలిగ్గా వచ్చేస్తుంది. మరి ఆ గడిలో ఒక ప్రతి వ అని, ఇంకోటి ప అని అంటే? యతి నోరు మెదపదు. ప ఫ బ భ వ అన్నీ ఒకే గూటివి, ఏదైనా చెల్లుతుంది. అదే ప, వ ల తగాదా రెండో అక్షరం దగ్గర వస్తే ప్రాస క్షణంలో తేల్చేస్తుంది, అక్కడ నాలుగు పాదాల్లోనూ ఒకే హల్లు ఉండాలి కదా. ఇక లేఖకుడు తేడా చూపని ఎ, ఏ లను గణమే విడదీస్తుంది. లఘువుండాల్సిన చోట ఉంటే హ్రస్వం. గురువుండాల్సిన చోట, తర్వాత సంయుక్తాక్షరం, సున్న, పొల్లు ఏవీ లేకపోతే, దీర్ఘం. వాటిలో ఏదైనా ఉంటే రెండూ సాధ్యమే, అప్పుడు అర్థం చూడాలి, నిఘంటువు చూడాలి, పండితుణ్ణి అడగాలి.

పద్యం ఇస్తే గణాలు విడగొట్టి యతిప్రాసలు చూపించే ఛందం అనే సాఫ్ట్‌వేరు తెలుగులో ఇప్పటికే ఉంది. ఒకరు ఇష్టంతో చేసిన పని అది, పెద్ద సంస్థ ఏదీ చేయించలేదు. దాన్ని ప్రతుల పోలికకు జతచేస్తే, ఏ పాఠభేదాన్ని ఛందస్సు తేల్చగలదో, దేన్ని తేల్చలేదో మొదటి వడపోతలోనే తెలిసిపోతుంది. పండితుడి సమయం అంతా ఆ రెండో గుంపు మీద పెట్టొచ్చు. యంత్రం చేత చేయించాల్సిన చాకిరీ ఇది. బ్రౌన్ దగ్గర జీతానికి కూర్చున్న పండితులు చూస్తే ఎగిరి గంతేసేవాళ్ళు.

మూడోది ప్రతుల బంధుత్వం. రెండు ప్రతులు ఒకే సరైన పాఠాన్ని ఇస్తే వాటికి చుట్టరికం ఉందని చెప్పలేం. ఒకే తప్పును, అదీ ఇద్దరు విడివిడిగా చేయడానికి వీల్లేని తప్పును, రెండూ మోస్తుంటే మాత్రం ఒకే తల్లి బిడ్డలని అనుమానించాలి. ఈ సూత్రం పాతదే. జీవుల వంశవృక్షాలు గీసే కంప్యూటరు పద్ధతులను దానికి కలిపి, ఛాసర్ రాసిన కాంటర్బరీ కథల్లోని ఒక భాగానికి మిగిలిన 58 ప్రతులను 1998లో ఇంగ్లండు పరిశోధకులు పరిశీలించారు. ఆ వ్యాసం అచ్చయింది నేచర్ అనే సైన్సు పత్రికలో. మన దగ్గర ఆ వృక్షం అంత శుభ్రంగా రాదని ముందే ఒప్పుకోవాలి. మన లేఖకులు ఊరికే ఎత్తిరాసేవాళ్ళు కారు, పక్క ఊరి ప్రతి దొరికితే దాంతో సరిచూసి దిద్దుకునేవాళ్ళు. బ్రౌన్ రాయించిన సాపు ప్రతుల్లోనైతే పలు ప్రతుల పాఠాలు కలిసిపోయాయి. కొమ్మలు మళ్ళీ మళ్ళీ అల్లుకున్న చెట్టు ఇది. అయినా సరే, ఏ ప్రతులు ఒక గుంపు, ఏది విడిగా నిలబడింది అన్నంతవరకు తెలిసినా చాలు. పది ప్రతులు ఒక పాఠాన్ని చెబుతున్నాయని పరిష్కర్త మురిసిపోతుంటాడు, తీరా చూస్తే ఆ పదీ ఒకే ప్రతికి నకళ్ళు. అప్పుడవి పది సాక్ష్యాలు కావు, ఒక్కటే.

ప్రతి వయసు తేల్చడంలో కూడా చిన్న సాయం ఉంది. లేఖకుడు చాలాసార్లు చివర సంవత్సరం పేరు, మాసం, తిథి, వారం రాస్తాడు, శకసంవత్సరం రాయడు. అదే పేరు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తుంది. ఆ తిథి, ఆ వారం ఏ ఏళ్ళలో కలిశాయో పంచాంగ గణితం తెలిసిన ప్రోగ్రాము చెప్పేస్తుంది, మూడు నాలుగు శతాబ్దాల అనుమానం చాలాసార్లు ఒకటి రెండు ఏళ్ళకు కుదురుతుంది. ఆ చివరి ఆకు ఫొటోలో ఉండాలి, అంతే.

వేమన దగ్గరికి వచ్చేసరికి పైన చెప్పిన కాపలాదార్లందరూ చేతులెత్తేస్తారు. నాలుగో పాదం మకుటం. ఆటవెలదిలో మూడు పాదాలు అల్లగలిగినవాడు ఎవడైనా మకుటం తగిలించి వేమన పేరున వదిలేయొచ్చు, వదిలారు కూడా. పదేళ్ళ తేడాతో బ్రౌన్ వేసిన రెండు సంపుటాల మధ్యనే 471 పద్యాలు పెరిగాయి. తర్వాత వచ్చిన సంకలనాల్లో వేలకు చేరాయి. యతిప్రాసలు సరిపోయాయా అని చూసి ప్రయోజనం లేదు, దొంగ పద్యంలోనూ సరిపోతాయి. ఇక్కడ అడగాల్సినవి వేరే ప్రశ్నలు. ఏ పద్యం ఎన్ని ప్రతుల్లో ఉంది? ఏ ప్రాంతపు ప్రతుల్లో ఉంది? ఏ పద్యాలు ఎప్పుడూ జంటగా, ఒకే వరసలో వస్తున్నాయి? ప్రతులన్నిటిలోని పద్యాల వరసను కంప్యూటరుకిస్తే పాత గుంపు ఏది, తర్వాత అతుక్కున్న పొరలేవి అన్నది కొంతైనా కనబడుతుంది. వేమన రాసిన మూలపాఠం ఇదీ అని ఎవరూ తేల్చలేకపోవచ్చు. తేల్చాల్సిన అవసరం కూడా లేదని నా అభిప్రాయం. తెలుగువాళ్ళు రెండు మూడు వందల ఏళ్ళుగా వేమన పేరుతో ఏమేం చెప్పుకున్నారో పొరలు పొరలుగా చూపించగలిగితే, అది అచ్చు పుస్తకం ఎన్నటికీ చేయలేని పని. ఒక పుటలో ఒకే పాఠాన్ని పెద్దక్షరాల్లో వేసి, తక్కిన వాటిని చిన్నక్షరాల్లో కిందికి తోయక తప్పని ఇబ్బంది తెర మీద లేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే భయం కలిగిస్తున్న విషయం చెబుతాను. తెలుగు పండితుడికి పద్యం రాయడం వచ్చు. మన సాహిత్య పరిశోధనకు అది వరమూ, శాపమూ. పోతన భాగవతంలో కొన్ని స్కంధాలను గంగన, సింగన, నారయ పూరించారు. వాళ్ళ పేర్లు నిలిచాయి గనుక మనకు తెలుసు. పేరు చెప్పకుండా పూరించినవాళ్ళ మాటేమిటి? గ్రంథపాతం అని చుక్కలు పెట్టి వదిలేయడం చాలామంది పరిష్కర్తలకు నామోషీ. ఆకు చిల్లుపడి నాలుగక్షరాలు పోతే, గణం సరిపోయేట్టు, యతి చెల్లేట్టు నాలుగక్షరాలు పెట్టేశారు. అతుకు కనబడనంత అందంగా పెట్టారు. ఇవాళ ఆ పూరణలో కవి మాటేదో, పండితుడి మాటేదో విడదీయడం కష్టం.

ఇప్పుడు కృత్రిమ మేధ అచ్చం ఆ పండితుడిలా తయారవుతోంది. చేతిరాత గుర్తించే యంత్రాలకు అచ్చు తెలుగు మీద శిక్షణ ఇస్తే, ఆకు మీద లేని ఖాళీలు పెడతాయి, అంమను అమ్మ చేస్తాయి, చెరిగిన చోట తమకు తోచింది రాస్తాయి. అడగకుండానే రాస్తాయి, తడుముకోకుండా రాస్తాయి. భాషా నమూనాలైతే ఇంకో అడుగు ముందుకేసి ఛందస్సుతో సహా పూరించే రోజు దగ్గర్లోనే ఉంది. పాత పండితుడు ఒక జీవితకాలంలో కొన్ని కావ్యాలను ఇలా బాగుచేయగలిగాడు. యంత్రం ఏడాదిలో మొత్తం సాహిత్యాన్ని బాగుచేసి పారేస్తుంది. యంత్రాన్ని వద్దనడం లేదు. ఒకే లేఖకుడి చేతిరాతను మనుషులు కొన్ని పదుల పుటలు శ్రద్ధగా ఎత్తి రాసిచ్చి శిక్షణ ఇస్తే, తక్కిన కట్టకు అది పనికొచ్చే మొదటి ముసాయిదా ఇవ్వగలదు. ఆ ముసాయిదాలో ప్రతి అక్షరం మీదా యంత్రానికి నమ్మకం ఎంతో గుర్తు ఉండాలి, చెరిగిన చోట చుక్కలే ఉండాలి, మనిషి సరిచూసేదాకా దాని మీద ముసాయిదా అన్న ముద్ర ఉండాలి. ఈ మూడు షరతులనూ మీ మిషన్ నిబంధనల్లో ఇప్పుడే రాయకపోతే తర్వాత రాసి లాభం లేదు.

ఇది కాగల పనేనా అంటారేమో. పుణేలోని భండార్కర్ సంస్థ 1919లో సంస్కృత మహాభారతం సంశోధిత ముద్రణకు పూనుకుని 1966లో ముగించింది. 1,259 ప్రతులు పరిశీలించారు. వాటిలో తెలుగు లిపి ప్రతులూ ఉన్నాయి. శ్లోకానికొక కాగితం పెట్టుకుని, ఒక్కో ప్రతిలోని పాఠాన్ని గడుల్లో చేత్తో నింపుకుంటూ పోయారు. పని మొదలుపెట్టేనాటికి కంప్యూటరు లేదు, జిరాక్సు లేదు. వాళ్ళ దగ్గర ఉన్నదల్లా ఒక వి.ఎస్. సుక్తాంకర్, ఆయన తర్వాత పని అందుకున్నవాళ్ళు, నెలనెలా జీతం. తమిళులు సంగ సాహిత్యపు ప్రతుల మీద పుదుచ్చేరి, హాంబర్గ్ పరిశోధకులతో కలిసి చాలా దూరం వెళ్ళారు. మన దగ్గర ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆంధ్ర మహాభారతానికి సంశోధిత ముద్రణ తెచ్చింది. ఆ సంపుటాల అడుగున ఉన్న పాఠభేదాలన్నీ ఇవాళ కంప్యూటరుకు ఎక్కించదగ్గ సిద్ధాన్నం. నాకు తెలిసి ఎవరూ ముట్టుకోలేదు.

తెలుగు ప్రతులు చెన్నై, తంజావూరు, తిరుపతి, హైదరాబాదు, కాకినాడల్లో ఉన్నాయి. లండన్‌లోనూ కొన్ని ఉన్నాయి. 18వ శతాబ్దంలో ఫ్రెంచి పాదిరీలు పంపినవి పారిస్ జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. ఒకే కావ్యం ప్రతులు నాలుగు ఊళ్ళలో ఉంటే నాలుగు దరఖాస్తులు, నాలుగు రకాల రుసుములు, నాలుగు రకాల మౌనాలు. ఏ సంస్థ బొమ్మ దాని సర్వరులోనే ఉంటూ, చదువరి తెర మీద పక్కపక్కన తెరుచుకునే ఉమ్మడి ప్రమాణాలు ప్రపంచమంతా వాడుతున్నారు. మీ మిషన్ డబ్బుతో తీసిన ప్రతి బొమ్మా ఆ ప్రమాణంలో, ముద్రలు లేకుండా, రుసుము లేకుండా అందరికీ తెరిచి ఉండాలని ఒక్క షరతు పెట్టండి. అయిదు వందల ఏళ్ళ కిందటి కవికి కాపీరైటు లేదు. ఆకును దాచినవాడికి అక్షరం మీద హక్కు లేదు.

మనుషుల సంగతి మరీ ముఖ్యం. పాత లిపి చదవగలిగి, ఛందస్సు తెలిసి, కంప్యూటరు మీద పని చేయగలిగిన మనిషి కావాలంటే రెండు విభాగాల మధ్య పడి నలిగిపోవడానికి సిద్ధపడ్డ విద్యార్థి కావాలి. తెలుగు శాఖలో కావ్య పరిష్కరణను ఒకప్పుడు డాక్టరేటుకు ఒప్పుకునేవారు. ఇప్పుడు ఆ మాటెత్తితే, కొత్త సిద్ధాంతం ఏముంది ఇందులో అంటారు. స్కానింగు యంత్రాలకు టెండర్లు పిలుస్తున్నారు, మంచిదే. అదే ఖర్చులో కొంత తీసి పరిష్కర్త అనే ఉద్యోగాన్ని ఆ పేరుతోనే పెట్టండి. కాంట్రాక్టు మీద ఆరు నెలలకు కాదు, ఒక కావ్యం ముగిసేదాకా.

మొదలు ఎక్కడ పెట్టాలని అడిగితే నా సలహా వేమన. బ్రౌన్ పోగుచేసిన వేమన ప్రతులు ఒకే చోట ఉన్నాయి, ప్రతులెన్నో ఉన్నాయి, పద్యాలు చిన్నవి, చదవని తెలుగువాడు లేడు. తమిళనాడు ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ఆ ప్రతులన్నిటి బొమ్మలనూ ఏటవాలు వెలుతురులో మళ్ళీ తీయించండి. ఆకు సంఖ్యలు కనబడేలా, ఒక ఫ్రేములో ఒకే ఆకు ఉండేలా, చివరి ఆకుతో సహా తీయించి నెట్‌లో పెట్టండి. ఎత్తిరాయడానికి మీ జీతం కోసం ఎదురుచూడకుండా ముందుకొచ్చే తెలుగువాళ్ళు కడపలోనూ ఉన్నారు, కాలిఫోర్నియాలోనూ ఉన్నారు. ఆ పని మొదలైన రోజు నాకు కబురు చేయండి, నా వాటా కట్ట నేను తీసుకుంటాను.

భవదీయుడు,
తాళపత్రాలు చదివే ఒక తెలుగు అధ్యాపకుడు